సింక్ కింద డిస్పోజర్ జామ్ అయితే: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు కొత్త అపార్ట్‌మెంట్లలోనూ, పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలోనూ సింక్ కింద గార్బేజ్ డిస్పోజర్, అంటే మిగిలిన తిండి ముక్కల్ని నలిపి నీళ్లతో పైపులోకి పంపే మోటార్ డబ్బా, ఈ మధ్య బాగానే కనిపిస్తోంది. అది ఆగిపోయినప్పుడు అందరూ అడిగేవి మాత్రం ఎప్పుడూ అవే సందేహాలు. జామ్ అయిన వాటిలో ఎక్కువ భాగం మెకానిక్ అవసరం లేకుండా ఇంట్లోనే వదిలిపోతాయి. తొందరపడి లోపల చెయ్యి పెట్టడం, తిరగని మోటార్‌కి మళ్లీ మళ్లీ స్విచ్ వేయడం, ఈ రెండూ చేయకపోతే చాలు. ఏ ప్రశ్న చదివినా దాని జవాబు దానికే సరిపోయేలా రాశాను. కాబట్టి కొన్ని జాగ్రత్తలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి, కావాలనే అలా ఉంచాను.

## ఆగిపోయిన వెంటనే

స్విచ్ వేస్తే గుయ్‌మంటా ఉంది గానీ తిరగట్లేదు. ఏం చేసేది?

ముందు స్విచ్ ఆపండి. గుయ్‌మంటోందంటే మోటార్‌కి కరెంటు అందుతోంది, లోపల తిండి ముక్కల్ని తిప్పే పళ్లెం మాత్రం ఏదో అడ్డుపడి కదలడం లేదు. అలా ఇరుక్కుపోయిన మోటార్ మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఆ వేడికి కొద్ది సెకన్లలోనే లోపలి ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ పడిపోయి మోటార్‌ని ఆపేస్తుంది. ఇంకోసారి వేస్తే కదులుతుందేమోనని ప్రయత్నించిన ప్రతిసారీ మోటార్ లోపలి తీగ చుట్టలు (వైండింగ్) ఆ వేడిని భరించాల్సి వస్తుంది. స్విచ్ ఆపి, ప్లగ్ పీకేసి, కొళాయి కట్టేసి, టార్చ్ తెచ్చుకోండి. ఇక తొందరేమీ లేదు. ఇరుక్కున్న వస్తువు అక్కడే ఉంటుంది.

అసలు ఉలుకూ పలుకూ లేదు. మోటార్ కాలిపోయినట్టేనా?

అప్పుడే ఆ మాట అనుకోవద్దు. డిస్పోజర్ అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. మోటార్ వేడెక్కి ఆగిపోతే అది కొంచెం బయటికి పొడుచుకొస్తుంది. స్విచ్ ఆపి పదీ పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి, ఆ బటన్‌ని లోపలికి నొక్కండి. టక్‌మని నిలబడితే మంచిదే. అయితే అది పడిపోవడానికి కారణం జామ్ అయి ఉండొచ్చు, అందుకని నొక్కగానే స్విచ్ వేయకుండా పళ్లెం తిరుగుతోందో లేదో ముందు చూసుకోవాలి.

బటన్ లోపలే ఉంటే సాకెట్ చూడండి. అదే సాకెట్‌లో మిక్సీ పెట్టి చూస్తే కరెంటు వస్తోందో లేదో తెలిసిపోతుంది. బోర్డులో కరెంటు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీ పడిందేమో చూడండి. గట్టు మీద నొక్కే బటన్ ఉండే ఎయిర్ స్విచ్ రకమైతే, ఆ బటన్ నుంచి కిందికొచ్చే సన్న ట్యూబ్ సింక్ కింద బకెట్లు జరిపేటప్పుడు ఊడిపోతుంటుంది. మూత పెట్టి తిప్పితేనే నడిచే రకమైతే, మూత సరిగ్గా కూర్చోకపోయినా ఆన్ కాదు.

ఎర్ర బటన్ నొక్కితే మళ్లీ బయటికి వస్తా ఉంది

మోటార్ ఇంకా వేడిగా ఉంటే అలాగే జరుగుతుంది. డబ్బా మీద బయట చెయ్యి ఆనించి చూడండి, వేడి తెలుస్తుంది. అరగంట ఆగి మళ్లీ నొక్కండి. పూర్తిగా చల్లారాక కూడా బటన్ నిలవకపోతే, లేదా పళ్లెం చేత్తో తేలిగ్గా తిరుగుతున్నా స్విచ్ వేయగానే బటన్ పడిపోతుంటే, లోపం మోటార్‌లోనో ప్రొటెక్టర్‌లోనో ఉంది. అది ఇంట్లో చేసే పని కాదు.

డిస్పోజర్ వేస్తే ఇల్లంతా కరెంటు పోతోంది

పడుతున్నది ఎర్త్ లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ అయితే దాన్ని మళ్లీ ఎత్తి ప్రయత్నించకండి. మోటార్‌లోకి నీళ్లు దిగి కరెంటు బాడీకి తగులుతున్నట్టే లెక్క. స్టీల్ సింక్, తడి చేతులు, తడి నేల, అన్నీ అక్కడే ఉంటాయి. ప్లగ్ పీకేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఎర్త్ లేని రెండు పిన్నుల ప్లగ్‌తో డిస్పోజర్ నడపడం ఎప్పటికీ సరికాదు.

పొద్దున బాగానే తిరుగుతుంది, సాయంత్రం మాత్రం గుయ్‌మంటుంది. ఇదేం జామ్?

ఇది జామ్ కాకపోవచ్చు, లో వోల్టేజ్ కావచ్చు. ఎండాకాలం సాయంత్రాలు ఏసీలు అన్నీ ఒకేసారి నడిచే వేళ, లైను చివర ఉన్న ఇళ్లకి వోల్టేజ్ తగ్గుతుంది. డిస్పోజర్లలో ఎక్కువగా వాడే ఇండక్షన్ మోటార్‌కి తిప్పే బలం వోల్టేజ్ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పడిపోతుంది. 230 వోల్టులకు బదులు 180 వస్తే బలం 60 శాతం దగ్గరికి దిగిపోతుంది. ఫ్యాన్ నెమ్మదించి, లైట్లు మసకబారిన వేళ డిస్పోజర్ జోలికి పోకండి. వోల్టేజ్ బాగున్న వేళ కూడా గుయ్‌మంటే అప్పుడు జామ్ కోసం వెతకండి.

## జామ్ తీసేటప్పుడు

లోపల బ్లేడ్లు ఉంటాయి కదా, ప్లగ్ పీకి చెయ్యి పెట్టొచ్చా?

నిజానికి బ్లేడ్లు ఉండవు. అడుగున తిరిగే పళ్లెం, దాని మీద అటూ ఇటూ కదిలే ఇనుప మొట్లు, చుట్టూ కదలకుండా ఉండే పళ్ల రింగు, లోపల ఉండేది ఇంతే. పళ్లెం తిరిగే వేగానికి ముక్కలు అంచుకి విసిరి కొట్టుకుని, తురుముపీట మీద కొబ్బరిలా రింగు పళ్లకి రాసుకుని పొడవుతాయి. బ్లేడ్లు లేవు కదా అని చెయ్యి మాత్రం పెట్టొద్దు, ప్లగ్ పీకినా సరే. విరిగిన గాజు ముక్కో, పగిలిన ఎముక మొనో లోపల ఉండొచ్చు. పళ్లెం ఒక్కసారిగా వదిలితే వేలు దానికీ రింగుకీ మధ్య నలిగిపోతుంది. పొడుగు పటకారు వాడండి. ఇంట్లో పిల్లలుంటే వాళ్లని వంటింటి బయటే ఉంచండి.

అడుగున ఆరు మూలల రంధ్రం ఉంది. దాన్ని ఎట్ట తిప్పేది?

జామ్ తీయడానికి అసలు మందు ఇదే. స్విచ్ ఆపి ప్లగ్ పీకండి. సింక్ కింది అలమరలో సామాన్లన్నీ బయటపెట్టి, టార్చ్ వేసి డబ్బా అడుగు మధ్యలో చూడండి. కొత్తలో డిస్పోజర్‌తో పాటు రెండు వైపులా వంపు తిరిగిన ఒక కీ ఇచ్చి ఉంటారు, అది ఈ రంధ్రానిదే. చాలామంది ఇళ్లలో అది వారంటీ కాగితాలతో పాటు బీరువాలో ఉంటుంది. దొరక్కపోతే హార్డ్‌వేర్ షాపులో పావు అంగుళం అలెన్ కీ అడగండి. ఎక్కువ మోడళ్లకి అదే సైజు. మన దగ్గర సెట్లలో వచ్చే 6 మిల్లీమీటర్లది కొంచెం వదులుగా ఉంటుంది. మెల్లగా తిప్పడానికి పనికొస్తుంది గానీ, దాంతో బలం పెడితే రంధ్రం మూలలు అరిగిపోతాయి.

కీ పెట్టి ముందు ఒక వైపుకి, తర్వాత రెండో వైపుకి తిప్పండి. మొదట్లో అంగుళం కూడా కదలదు. ఒకే వైపు బిగబట్టి లాగొద్దు, అటు కొంచెం ఇటు కొంచెం ఊపుతూ ఉండండి. ఇరుక్కున్న ముక్క పట్టు వదలగానే కీ చేతిలో తేలికవుతుంది. ఒక పూర్తి చుట్టు ఎక్కడా తట్టుకోకుండా తిరిగేదాకా తిప్పండి. ఆ తర్వాత పైనుంచి టార్చ్ వేసి, సింక్ రంధ్రం మూతి దగ్గరుండే రబ్బరు రెక్కలు పక్కకి తప్పించి, అడ్డుపడిన దాన్ని పటకారుతో తీసేయండి. తీయకుండా వదిలేస్తే మళ్లీ అక్కడే ఇరుక్కుంటుంది.

ఇప్పుడు కీని రంధ్రంలోంచి తీయండి. దీన్ని మర్చిపోయేవాళ్లు చాలామంది. కీ ఉండగానే మోటార్ తిరిగితే అది విసురుగా వచ్చి మొహానికో చేతికో తగులుతుంది. కీ బయట పెట్టాక ఎర్ర బటన్ నొక్కి, ప్లగ్ పెట్టి, చన్నీళ్లు ధారగా వదిలి, అప్పుడు స్విచ్ వేయండి.

మా మోడల్‌కి కింద రంధ్రమే లేదు

అలాంటివీ ఉన్నాయి. వాటిని పైనుంచే కదపాలి. ప్లగ్ పీకి, గట్టి చెక్క కర్ర ఒకటి సింక్ రంధ్రంలోంచి దించండి. మాప్ కర్ర వెనక వైపు సరిపోతుంది. కర్ర కొసని పళ్లెం మీది ఇనుప మొట్టుకి ఆనించి, పక్కకి తోయండి. కదలకపోతే ఎదురు వైపు నుంచి తోయండి. ఇనుప రాడ్డు, స్క్రూడ్రైవర్ వాడితే పళ్లెం వంగుతుంది, రింగు పళ్లు విరుగుతాయి. కర్ర తీసేశాకే ప్లగ్ పెట్టండి.

చేపల పులుసు చేసిన మర్నాడే ఎందుకు జామ్ అవుతుంది?

నెల్లూరు పులుసులో చేప ముల్లుని అందరూ అనుమానిస్తారు గానీ, ఎక్కువసార్లు దొంగ మామిడికాయ ముక్క. పులుసులో మామిడికాయని టెంకతో సహా కోసి వేస్తాం. సీజన్ మొదట్లో టెంక లేతగా ఉంటుంది, కత్తికి సులువుగా తెగుతుంది. ముదిరాక అది చెక్కే. తినేటప్పుడు కండ చప్పరించి టెంక ముక్కని కంచం పక్కన పెడతాం, కంచం కడిగేటప్పుడు అది చింతపండు పిప్పితో కలిసి జారిపోతుంది. బొటనవేలి గోరంత టెంక ముక్క, ఒకవైపు పలచగా ఒకవైపు మందంగా, సరిగ్గా పళ్లెం అంచుకీ రింగుకీ మధ్య సందులో మేకులా దిగబడుతుంది. మోటార్ బలంతో ఇంకా లోతుకి దిగుతుంది తప్ప నలగదు.

దీన్ని తీయాలంటే ప్లగ్ పీకి, అడుగున కీతో పళ్లేన్ని మామూలుగా తిరిగే వైపుకి కాకుండా ఎదురు తిప్పాలి. ఏది ఎదురో తెలియకపోతే రెండు వైపులా చూడండి, ఒక వైపు కాస్త సులువుగా వస్తుంది. వదిలాక పటకారుతో ఏరేయండి. పులుసులో చింతగింజ ఒకటీ అరా ఉన్నా ఇదే పని చేస్తుంది.

రొయ్యల పొట్టు, చేప ముళ్లు వేయొచ్చా?

చిన్న చేపల మెత్తటి ముళ్లు నీళ్లతో కొంచెం కొంచెంగా వేస్తే చాలా డిస్పోజర్లు నలిపేస్తాయి. కొరమేను తలకాయ, పెద్ద చేప నడిముల్లు వేయకండి. రొయ్యల పొట్టు పళ్లెం దగ్గర పెద్దగా ఇరుక్కోదు. పలచటి రేకులుగా చీలి, కింద పైపులో నీళ్లు నిలిచే గిన్నె, అదే బాటిల్ ట్రాప్‌లో పేరుకుని, రెండో రోజుకి ఇల్లు కంపు కొట్టిస్తుంది. కిలో రొయ్యలు ఒలిచిన పొట్టంతా ఒకేసారి వేస్తే పైపు మూసుకోవడం ఖాయం. చెత్తబండికి ఇవ్వండి, లేకపోతే చెట్టు పాదులో లోతుగా పాతిపెట్టండి. పీత డిప్పలు అసలు వద్దు.

చిన్న చెంచా పడిపోయింది. ఎట్ట తీసేది?

స్విచ్ ఆపి ప్లగ్ పీకండి. చెంచా నిలువుగా పడితే పటకారుకి దొరుకుతుంది. పళ్లెం కింద సందులో వంగి ఇరుక్కుంటే లాగినా రాదు. కింద కీతో పళ్లెం ఎదురు తిప్పి వదులు చేశాకే లాగాలి. స్టీల్ చెంచాని అయస్కాంతంతో తీద్దామనుకుంటే చాలా స్టీల్ రకాలకి అది అంటుకోదు. ఉదయగిరి చెక్క చెంచా పడితే విరిగిన ముక్కలన్నీ ఏరి, పక్కపక్కన పేర్చి, చెంచా పూర్తిగా బయటికి వచ్చిందో లేదో చూసుకోండి. చెక్క పేడు ఒకటి మిగిలినా మళ్లీ ఆగిపోతుంది.

యాసిడ్ పోస్తే లోపలున్నది కరిగిపోదా?

పోయకండి. టెంక, ఎముక, చెంచా, ఇవేవీ అంత సులువుగా కరగవు. బాత్రూం యాసిడ్ లోపలి లోహాన్ని తింటుంది, కాస్టిక్ పొడి రబ్బరు సీళ్లని పాడుచేస్తుంది. అంతకంటే ముఖ్యం, జామ్ వదలకపోతే ఆ యాసిడ్ నీళ్లు సింక్‌లోనే నిలబడి ఉంటాయి. తర్వాత పటకారు పెట్టేది మీరే, పైపు విప్పేది ప్లంబరే. ఇప్పటికే పోసి ఉంటే పనికి వచ్చినవాళ్లకి ఆ మాట ముందే చెప్పండి. కళ్లు పోయే ప్రమాదం ఉంది.

## తిరగడం మొదలయ్యాక

బాగానే తిరుగుతోంది, నీళ్లు మాత్రం దిగట్లేదు

అయితే అడ్డు డిస్పోజర్‌లో లేదు, దాని తర్వాత పైపులో ఉంది. ప్లగ్ పీకి, ముందు సింక్ ప్లంజర్‌తో గట్టిగా పది పన్నెండు సార్లు పంపు కొట్టండి. రెండు తొట్ల సింక్ అయితే రెండో రంధ్రాన్ని తడిగుడ్డతో గట్టిగా మూయాలి, లేకపోతే గాలి అటు పోతుంది. దానికీ వదలకపోతే కింద బకెట్ పెట్టి బాటిల్ ట్రాప్ గిన్నె చేత్తో విప్పండి. అందులో ఎక్కువగా కనిపించేది అన్నం, గంజి, దోసె పిండి కలిసి బంకగా పేరుకున్న ముద్ద. కడిగి, వాషర్ సరిగ్గా కూర్చోబెట్టి బిగించండి.

జామ్ పోయింది గానీ గడగడమంటోంది

గట్టి ముక్క ఏదో ఇంకా తిరుగుతోంది. ఆపి, ప్లగ్ పీకి, టార్చ్ వేసి ఏరేయండి. లోపల ఏమీ లేకపోయినా గరగర ఆగకపోతే బేరింగ్ అరిగింది.

ఎంత కడిగినా కంపు పోవట్లేదు

వాసన చాలావరకు రబ్బరు రెక్కల అడుగు వైపు నుంచి వస్తుంది, పైనుంచి కనిపించదు. ప్లగ్ పీకి, పాత టూత్‌బ్రష్‌కి సబ్బు పెట్టి ఆ రెక్కల్ని కిందివైపు నుంచి తోమండి. వేళ్లు రెక్కల దాకానే, పళ్లెం దాకా పోనివ్వద్దు. తర్వాత ప్లగ్ పెట్టి, గుప్పెడు ఐసు ముక్కలు, కాస్త కల్లుప్పు వేసి చన్నీళ్లతో నడిపితే రింగుకి పట్టిన జిడ్డు రాలుతుంది. ఐసు వల్ల పదునెక్కుతుందనే మాట నమ్మకండి, పదును పెట్టడానికి లోపల బ్లేడే లేదు. చివర్లో నిమ్మ తొక్కలు చిన్నగా కోసి వేయండి.

కింద నీళ్లు కారుతున్నాయి

డబ్బాని పొడిగుడ్డతో తుడిచి, కొళాయి వదిలి, తడి మొదట ఎక్కడ కనిపిస్తుందో చూడండి. సింక్‌కి అతికిన చోట అయితే పైన రింగు వదులైంది, పుట్టీ మళ్లీ పెట్టి బిగిస్తే సరిపోతుంది. పక్క పైపు దగ్గరైతే అతుకులో ఉండే రబ్బరు వాషర్ (గ్యాస్కెట్) పోయినట్టు. ఎర్ర బటన్ చుట్టూ, డబ్బా అడుగు నుంచి కారితే లోపలి సీలు పోయి నీళ్లు మోటార్‌లోకి దిగుతున్నట్టు. దాన్ని ఇక నడపకూడదు, మార్చడమే.

## మళ్లీ జామ్ కాకుండా

ఏవేవి వేయకూడదు? మా పనమ్మాయికి ఎట్ట చెప్పేది?

పీచు ఉన్నవి మొదటి శత్రువులు: ములక్కాడ పిప్పి, కొబ్బరి పీచు, గోంగూర కాడలు, కరివేపాకు రెబ్బల ఈనెలు, చింతపండు పిప్పి, అరటి దూట. ఇవి నలగవు, తాడులా పేని మొట్లకి చుట్టుకుంటాయి. ఎముకలు, టెంకలు, గింజలు రెండో రకం. మిగిలిన కూర మీద తేలే నూనె, నెయ్యి పోయకూడదు. తిండి కానివి మరీ ఘోరం. పాల ప్యాకెట్ మూల కత్తిరించిన చిన్న ముక్క, పార్సిల్ రబ్బర్ బ్యాండు, స్టీల్ పీచు నుంచి ఊడిన తీగ, ఇవి ఎవరూ కావాలని వేయరు, గిన్నెల అడుగున ఉండి పోతాయి.

ఇంత జాబితా ఎవరికీ గుర్తుండదు. పనమ్మాయికి ఒక్క మాట చెప్పండి: "కంచాలన్నీ ముందు ఈ గిన్నెలో విదిలించమ్మా, ఆ తర్వాతే సింక్‌లో వేయి." పక్కన ఒక చిల్లుల గిన్నె ఉంచితే సగం జామ్‌లు తగ్గుతాయి. శబ్దం మారితే స్విచ్ ఆపి మిమ్మల్ని పిలవమనండి, లోపల చెయ్యి పెట్టొద్దని గట్టిగా చెప్పండి.

వేన్నీళ్లు వదిలితే మంచిదా, చన్నీళ్లా?

చన్నీళ్లు. వేడికి కరిగిన నూనె పైపులో కొంతదూరం పోయి అక్కడ గడ్డకడుతుంది. చన్నీళ్లకి ముందే గట్టిపడి, నలిగి కొట్టుకుపోతుంది. ముందు నీళ్లు, తర్వాత స్విచ్, ఆ తర్వాతే తిండి ముక్కలు. నలిగిన శబ్దం ఆగాక కూడా అరనిమిషం దాకా నీళ్లు పోనివ్వండి. ట్యాంక్‌లో నీళ్లు లేని రోజు డిస్పోజర్ వాడొద్దు.

ఆరు నెలలు అమెరికాలో ఉండి వచ్చాం. స్విచ్ వేస్తే కదలట్లేదు. ఏమీ వేయకుండానే జామ్ ఎందుకయింది?

తుప్పు. లోపల మిగిలిన తడి, ఉప్పు నీళ్ల పొర ఎండి, పళ్లేనికీ రింగుకీ మధ్య పట్టేస్తుంది. బోరు నీళ్లు గట్టిగా ఉండే చోట్ల, సముద్రం దగ్గరి ఊళ్లలో ఇది ఇంకా త్వరగా వస్తుంది. ప్లగ్ పీకి, అడుగున కీతో అటూ ఇటూ ఊపితే చాలావరకు వదులుతుంది. వదిలాక నీళ్లతో నడిపి, ఐసు వేసి ఒకసారి శుభ్రం చేయండి.

ఈసారి వెళ్లేముందు ఖాళీగా నీళ్లతో నడిపి బాగా కడగండి. తాళాలు ఇచ్చి వెళ్లే బంధువులుంటే, వచ్చినప్పుడల్లా కొళాయి వదిలి కాసేపు తిప్పమనండి. దానివల్ల ట్రాప్‌లో నీళ్లు కూడా ఆరిపోకుండా ఉంటాయి. ఆరిపోతే డ్రైనేజీ కంపు, బొద్దింకలు నేరుగా వంటింట్లోకి వస్తాయి.

మా అబ్బాయి అమెరికా నుంచి డిస్పోజర్ తెచ్చాడు. ఇక్కడ పెట్టొచ్చా?

వద్దనే చెప్తాను. అక్కడి మోటార్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కి చుట్టినది. మన 230కి నేరుగా పెడితే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్‌ని తగ్గిస్తుంది గానీ 50 హెర్ట్జ్‌ని మార్చదు. నిమిషానికి 1,725 చుట్లు తిరగాల్సింది 1,425 దగ్గర తిరుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది, చిన్న ముక్కకే ఆగిపోతుంది. పిల్లల ప్రేమ అర్థమవుతుంది. ఆ డబ్బుతో ఇక్కడే 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని రాసి ఉన్నది కొనమనండి.

మాది సెప్టిక్ ట్యాంక్. పర్లేదా?

నడుస్తుంది గానీ ట్యాంక్ అడుగున మడ్డి త్వరగా పేరుకుంటుంది, లారీని మామూలుకంటే ముందే పిలవాల్సి వస్తుంది. ట్యాంక్ చిన్నదైతే, లేదా మీ వంటింటి నీళ్లు వీధి కాలవలోకే పోతుంటే, డిస్పోజర్ పెట్టకపోవడమే మేలు. కాలవలో కుళ్లి దోమలు పెరిగేది మన ఇంటి ముందే. న్యూయార్క్ లాంటి నగరంలోనే పాత మురుగు పైపుల భయంతో చాలా ప్రాంతాల్లో వీటిని నిషేధించి, 1997లో గానీ ఆ నిషేధం ఎత్తలేదు.

## మెకానిక్‌ని పిలవాలా?

ఎంతదాకా ఇంట్లో చూసుకోవచ్చు?

కీతో తిప్పడం, ఏరడం, బటన్ నొక్కడం, ట్రాప్ కడగడం, ఇంతవరకే. కాలిన వాసన వచ్చినా, షాక్ కొట్టినా, అడుగు నుంచి నీళ్లు కారినా, కీతో రెండు వైపులా ఊపినా కదలకపోయినా పిలవండి. పిలిచేటప్పుడు డబ్బా పక్కనున్న స్టిక్కర్ ఫొటో తీసి పంపండి. మోడల్ తెలిస్తే నెల్లూరులో దొరకని గ్యాస్కెట్‌ని చెన్నై నుంచి తెప్పించుకునే వస్తారు, రెండుసార్లు తిరగక్కర్లేదు.

విసుగొచ్చింది. తీసేసి మామూలు పైపు పెట్టించుకోవచ్చా?

పెట్టించుకోవచ్చు. డిస్పోజర్ సింక్ రంధ్రం 90 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, కాబట్టి జల్లెడ బుట్ట ఉండే పెద్ద సైజు కప్లింగ్ అడగండి, చిన్నది కూర్చోదు. పైపు కూడా కొత్తగా కలపాలి, ఎత్తు మారుతుంది. సింక్ కింద మిగిలిపోయే సాకెట్‌ని అలాగే తెరిచి ఉంచకుండా, ఎలక్ట్రీషియన్‌తో లైను విప్పించి బ్లాంక్ ప్లేట్ వేయించండి.